రెండు రేట్ల షాపు

అల్ఫారెట్టా
14 జనవరి 2013

కోటయ్యా,

నీకూ రాగిణికీ అల్లుడికీ ఆద్యకీ అక్క దీవెనలు. ఫోన్ చేద్దామంటే చెవిలో ఆ మిషన్ పెట్టుకున్నా నీకు వినబడదు, నేను గట్టిగా అరిస్తే ఈ ఇంట్లో పైగది దాకా వినబడుతుంది. అందుకని కాగితం మీద పెట్టాను. నాలుగో తరగతి రాత, ఓపిగ్గా చదువుకో.

డిసెంబరు పద్దెనిమిదిన మన చక్రి స్టోర్‌లో జరిగింది రాగిణి నీకు చెప్పే ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకి, పట్టపగలు. ఉద్యోగం పోయాక మూడేళ్ళ కింద వాడు తీసుకున్న ఆ గ్యాస్ స్టేషన్, అదే పెట్రోలు బంకూ స్టోరూ, ఇంటికి నలభై మైళ్ళు, అదొక చిన్న ఊరు. ఒకడు టోపీ ముఖం మీదకి లాక్కుని వచ్చి గల్లాపెట్టె తీయమన్నాడట. తీస్తూనే ఉన్నాడు, ఈలోపే పిస్తోలు పిడితో తల మీద కొట్టాడు. ఏడు కుట్లు పడ్డాయి.

అప్పటినుంచీ వాడికి ఒకటే మాట, తుపాకీ కొంటానని. కొంటాడేమోనని నాకు దడ. కొనకపోతే మళ్ళీ ఎవడైనా వస్తాడేమోనని ఇంకో దడ. అన్నం దిగటం లేదు. షుగరు రెండొందల నలభై చూపించింది. కుండీలో గోంగూర కూడా చలికి మాడిపోయింది.

పోయిన శుక్రవారం నన్ను కూడా కార్‌లో తీసుకెళ్ళాడు. కోడలు రేణు ఆఫీస్‌కి వెళ్తే ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నాను. స్టోర్‌కి అర మైలు దూరంలో తుపాకుల షాపు ఉంది. కార్‌లోనే కూర్చో అన్నాడు, నేను కూర్చోలేదు. లోపల గోడంతా తుపాకులే, ఒక్కదానికీ రేటు చీటీ లేదు. షాపాయన పేరు డ్వేన్ అట. రమ్మనలేదు, తల ఎత్తలేదు. చక్రి మూడుసార్లు ఎక్స్‌క్యూజ్ మీ అన్నాక ఇటు తిరిగాడు. గాజు బల్ల కింద పిస్తోలు చూపించి రేటు అడిగితే ఏడొందల ఎనభై డాలర్లన్నాడు. మేం అక్కడే ఉండగా గడ్డం ఉన్న ఒకాయన వచ్చి అదే పిస్తోలు అడిగాడు. ఆయనకి ఐదొందల అరవై. ఇప్పుడే నాకు ఏడొందల ఎనభై అన్నావే అని చక్రి అడిగితే, "రేటు గోడ మీద ఉండదు, నా నోట్లో ఉంటుంది. నచ్చకపోతే తలుపు అదిగో" అన్నాడట. మాటలు చక్రి కార్‌లో చెప్పాడు. తలుపు వైపు చూపించిన వేలు మాత్రం నేనే చూశాను.

నువ్వు మేనమామవి. తుపాకీ వద్దని వాడికి నాలుగు ముక్కలు రాయి. నా మాట ఫ్యాను గాలికి పోతుంది, నీ మాట వింటాడు.

ఇట్లు ఆందోళనగా,
వసంతలక్ష్మి

•

ట్రాయ్
22 జనవరి 2013

అక్కకి నమస్కారాలతో కోటేశ్వరరావు రాసేది.

ఇక్కడ మంచు మోకాలి దాకా ఉంది. చెవి మిషన్ బ్యాటరీకి చలి పడటం లేదు, కాబట్టి నువ్వు ఉత్తరం రాయటమే మంచిది.

నువ్వు అడిగింది నేను చెయ్యలేదు. చక్రికి వేరే ఉత్తరం రాశాను, తుపాకీ కొనుక్కోమని. మార్కాపురం చేలో అడవిపందులు పడుతుంటే కలెక్టరు దగ్గర లైసెన్సు తెచ్చుకుని పందొమ్మిదేళ్ళు సింగిల్ బ్యారెల్ ఉంచుకున్నవాణ్ణి నేను. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకున్నాను. ఆ పందొమ్మిదేళ్ళలో ఎవడైనా మన గట్టు మీద కాలు పెట్టాడా? పందుల కోసమే తుపాకీ కావాల్సి వస్తే, తల పగలగొట్టినవాడి కోసం అక్కర్లేదా? నువ్వు దీపావళి టపాసులకే తలుపులు వేసుకునేదానివి. నీ భయం వాడికి అంటించకు.

కానీ ఆ రేటు సంగతి నాకు మింగుడుపడలేదు. భాస్కర్‌ని వెంటబెట్టుకుని ఇక్కడి షాపు ఒకదానికి వెళ్ళాను. అల్లుడు కార్ దిగనన్నాడు, దించాను. అదే పిస్తోలు, చీటీ మీద ఐదొందల నలభై. ఇక్కడివాడూ మనల్ని కూర్చోమనలేదు, నా కోటు జేబుల వంకే చూస్తూ నిలబడ్డాడు. అయినా చీటీ చీటీయే. పోయిన నెల ఎవడో స్కూల్లో దూరి పిల్లల్ని కాల్చిన దగ్గరనుంచి గవర్నమెంటు అమ్మకాలు ఆపేస్తుందని జనం ఎగబడుతున్నారట, అందుకని వారానికోసారి రేటు మారుస్తున్నారని భాస్కర్ అన్నాడు. మారితే అందరికీ మారాలి. పక్కన నిలబడ్డవాడికి రెండొందల ఇరవై తగ్గిందంటే అది రేటు కాదు, అవమానం. చక్రిని ఆ షాపుకే వెళ్ళి నిలదీయమన్నాను. వేరే చోటికి పోతే పారిపోయినట్టు.

తమ్ముడు,
కోటేశ్వరరావు

•

అల్ఫారెట్టా
1 ఫిబ్రవరి 2013

కోటయ్యా,

ఆర్పమని నీ చేతికి నీళ్ళిస్తే కిరసనాయిలు పోశావు. నీ ఉత్తరం చక్రి రేణుకి చదివి వినిపించాడు, రెండోసారి నాకు వినబడేట్టు చదివాడు. ఇప్పుడు ఆ డ్వేన్ దగ్గరే కొంటానని పట్టుబట్టాడు. నీ తుపాకీతో పందులు పోయాయేమో నాకు తెలీదు, అది ఇంట్లో ఉన్న పందొమ్మిదేళ్ళూ మరదలు నిద్రపోయిందా అని ఒక్కసారైనా అడిగావా?

సరే, ఎలాగూ ఆగడు. అయితే ఒక్కటి మాత్రం నేను వదల్లేదు. చక్రిది తులారాశి. ఏలినాటి శని నడినెత్తిన ఉంది. ఉద్యోగం పోయింది, తల పగిలింది. ఇలాంటప్పుడు ఇనుము వాడి చేతిమీదుగా కొనకూడదు, వాడి పేరున ఇంట్లోకి రాకూడదు. పంచాంగం చూసి శనివారం వద్దు, గురువారం అన్నాను. రేణు పేరున కొనమన్నాను. ఇద్దరికీ సిటిజన్‌షిప్ ఉంది, ఎవరు కొంటే ఏమిటి? ఇల్లు ఆ అమ్మాయి పేరున లేదా, స్టోర్ కాగితాలు ఆ అమ్మాయి పేరున లేవా? మనింట్లో ఏది కలిసిరాకపోయినా ఆడవాళ్ళ పేరున పెట్టటం మామూలేగా.

చక్రి నవ్వాడు. రేణు, "అత్తయ్యా, ఇది బీరువా కాదండీ" అంది. రెండు రోజులు అన్నం మానేశాను. షుగరు పడిపోతుందని భయపడి ఒప్పుకున్నారు.

సరుకు లేదు, తెప్పించాలి, రెండొందలు ముందు కట్టమన్నాడట డ్వేన్. రేణు కార్డు మీద కట్టింది. కార్డు వాడినందుకు ఇంకో ముప్పై. తూటాల పెట్టె రోజూ వచ్చేవాళ్ళకి పద్నాలుగు డాలర్లట, మనకి నలభై రెండు, అదీ మనిషికి ఒక్క పెట్టే. రేటు ఏడొందల ఎనభై నుంచి ఎనిమిదొందల ఇరవైకి పెంచాడు. ఎందుకు అంటే ఇవాళ గురువారం అన్నాడట. మొహాన అలా అన్నాక కూడా అక్కడే కొనాలని ఎవరి పట్టుదల? నీదే.

ఇది బాగా జరగదని నా మనసు చెబుతోంది.

అక్క

•

అల్ఫారెట్టా
19 ఫిబ్రవరి 2013

కోటయ్యా,

నేను అనుకున్నంతా అయింది. పద్నాలుగో తారీఖు గురువారం సరుకు వచ్చిందని ఫోన్ వస్తే ముగ్గురం వెళ్ళాం. రేణు ఆఫీస్‌కి సెలవు పెట్టింది. షాపులో నలుగురైదుగురు ఉన్నారు, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు. డ్వేన్ ఒక ఫారం ఇచ్చాడు. రేణు రాసుకుంటూ పోయింది. ఒకచోట ఆగి ఆయన్ని ఏదో అడిగింది. ఆయన ఏదో అడిగాడు. రేణు జవాబు చెప్పింది. ఏమందో నాకు అర్థం కాలేదు.

అంతే. ఆ మనిషి ఫారం లాక్కుని రెండుగా చించాడు. గొంతు పెంచాడు. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు, ఒకడు నవ్వాడు. పిస్తోలు పెట్టె గాజు బల్ల మీద నుంచి తీసి కిందికి తోసేశాడు. చక్రి డబ్బులు వెనక్కి ఇవ్వమంటే, అవి తెప్పించినందుకు ఫీజు, ఇవ్వనన్నాడు. మళ్ళీ ఈ తలుపు తీస్తే షెరీఫ్‌ని పిలుస్తానన్నాడట. షెరీఫ్ అంటే పోలీసే.

రెండొందల ముప్పై డాలర్లు పోతే పోయాయి. చక్రి నాతో మాట్లాడటం లేదు. వాడి కోపం ఆ షాపాయన మీదే, కానీ ఎదురుగా ఉండేదాన్ని నేను కదా. వాడు ఒట్టి చేతులతో ఆ కౌంటర్ వెనక నిలబడుతున్నాడు. తలుపుకి కట్టిన గంట మోగినప్పుడల్లా తల ఎత్తుతాడని సత్యం చెప్పాడు, స్టోర్‌లో సాయంత్రం పనిచేసే ఆయన.

ఆ డ్వేన్‌కి మన మొహాలు పడవు. రేటులోనే తెలిసింది.

అక్క

•

ట్రాయ్
26 ఫిబ్రవరి 2013

అక్కా,

నీ ఉత్తరం చదివి కాఫీ పారబోశాను. అరవై ఎనిమిదేళ్ళ వయసులో నాకు ఇంత కోపం వస్తుందనుకోలేదు.

ఊరుకుంటే మళ్ళీ చేస్తాడు. ఆద్యని కూర్చోబెట్టాను. షాపుల మంచీచెడూ జనం ఇంటర్నెట్‌లో రాసే చోటు ఒకటుందట. నేను తెలుగులో చెబుతూ వచ్చాను, అది ఇంగ్లీష్‌లో కొట్టింది. "తాతా, ఇది రియల్లీ హ్యాపెన్ అయిందా, నువ్వు షూరా?" అని రెండుసార్లు అడిగింది. మా అక్క కళ్ళతో చూసింది, మా అక్క అబద్ధం రాయదు అన్నాను.

రెండు రేట్ల సంగతి, కార్డుకి ముప్పై, తూటాలకి మూడింతలు, గురువారం అని వెటకారం, అన్నీ రాయించాను. ఇండియా వాళ్ళని చూసి ఊరికే ఫారం చించి, డబ్బు తినేసి, పోలీసుల పేరు చెప్పి తరిమాడని రాయించాను. ఊరూ పేరూ లేకపోతే ఎవరూ నమ్మరు కాబట్టి చక్రి స్టోర్ పేరు కూడా పెట్టించాను. అదే రోడ్డు మీద ఉన్న కష్టజీవిని ఇలా చేశాడని నలుగురికీ తెలియాలి. రెండు రోజుల్లో నూట పదిమంది మెచ్చుకున్నారు. రాగిణికి చెప్పలేదు, ప్రతిదానికీ అడ్డం పడుతుంది.

చక్రితో చెప్పు, మేనమామ ఉన్నాడని.

కోటేశ్వరరావు

•

అల్ఫారెట్టా
14 మార్చి 2013

కోటయ్యా,

అది తీయించు. ఈ ఉత్తరం అందిన రోజే తీయించు.

పొద్దున్నే ఆ ఊరివాళ్ళు పదిహేనుమంది దాకా చక్రి స్టోర్‌కి కాఫీకి వచ్చేవాళ్ళు. పనులకి పోతూ పెట్రోలు అక్కడే పోయించుకునేవాళ్ళు. పది రోజుల నుంచి ఇద్దరే వస్తున్నారు. అర మైలు అవతల ఇంకో గ్యాస్ స్టేషన్ ఉంది, అక్కడ క్యూ ఉంటోందట. ఆద్య రాసింది ఎవరో కాగితం మీద అచ్చువేసి ప్రతి పంపుకీ అంటించారు. దాని కింద పెన్నుతో ఒక మాట రాశారు, రేణు నాకు చెప్పనంది. సోమవారం పొద్దున స్టోర్ తలుపు తాళంలో ఎవరో జిగురు పోశారు. ఆ ఊరికి ఆ తుపాకుల షాపే రచ్చబండ, కోటయ్యా. నువ్వు ఒక్కడి మీద రాశాననుకున్నావు, ఊరంతా తమ మీదే అనుకున్నారు.

మునుపు ఎవడైనా దొంగ వస్తే స్టోర్‌లో నలుగురు మనుషులుండేవాళ్ళు. ఇప్పుడు పొద్దున్నించి సాయంత్రం సత్యం వచ్చేదాకా చక్రి ఒంటరిగా ఉంటున్నాడు. అట్లాంటాలో రెండు షాపుల్లో పిస్తోలు అడిగితే అరలు ఖాళీ, పేరు రాసుకుని ఆగస్టు దాకా ఆగమన్నారు.

నిన్న పంపు మీద కాగితం చించి తెచ్చి నా ముందు పెట్టాడు.

"మామయ్యకి ఏం రాశావమ్మా?"

"జరిగింది రాశాను."

"రేణు ఆయనతో ఏమందో రాశావా?"

నేను ఆ కాగితం మడతపెట్టాను.

"ఆ ముక్క రాయలేదు కదా" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ ముక్క ఇప్పుడు రాస్తున్నాను. అర్థం కాలేదని నీకు రాసింది అబద్ధం. కార్ ఎక్కగానే రేణు నాకు విడమరిచి చెప్పింది. ఈ తుపాకీ నిజంగా కొంటున్నది నువ్వేనా, ఇంకొకరి కోసమా అని ఆ ఫారంలో ఉంటుందట. రేణు మంచి పిల్ల, అబద్ధం రాయలేక ఆయన్నే అడిగింది. మరి ఎవరికి అన్నాడు. మా ఆయనకి, ఆయన జాతకం బాగాలేదని మా అత్తగారు నా పేరున కొనమన్నారు అంది. ఒకరి కోసం ఇంకొకరు సంతకం పెట్టి కొంటే ఇక్కడ జైలట. అమ్మినవాడి లైసెన్సూ పోతుందట. అందుకు చించాడు. మన మొహాలు చూసి కాదు.

రెండు రేట్లు నిజం. డబ్బు తినేసింది నిజం. చించింది మాత్రం నా మూలాన. నీకు రాయటానికి సిగ్గేసింది. నాలుగు తిట్లు నువ్వు వాణ్ణి తిడితే నా మనసు తేలికవుతుందనుకున్నాను, ఇలా చేస్తావని అనుకోలేదు.

వసంతలక్ష్మి

•

ట్రాయ్
20 మార్చి 2013

అక్కా,

తీయించాను. ఆద్య ఏమీ అనకుండా తీసేసింది. తర్వాత, "తాతా, నెక్స్‌ట్ టైమ్ నన్ను అడగకు" అని గది తలుపు వేసుకుంది. మనవరాలి దగ్గర నా మాట పోయింది. రాగిణికీ తెలిసింది, భాస్కర్‌కీ తెలిసింది. ఈ ఇంట్లో నేను అన్నం తిని చెవి మిషన్ తీసేసి కూర్చుంటున్నాను.

మా అక్క అబద్ధం రాయదు అని ఆ పిల్లతో చెప్పాను. నాచేత ఆ మాట అనిపించావు.

జాతకం చూసి పిస్తోలు కొనబోయిన కుటుంబం ఈ దేశంలో మనదొక్కటే అయ్యుంటుంది. వాడు మామూలుగా వెళ్ళి తన పేరు రాసి, ఎక్కువైతే ఎక్కువని ఆ ఎనిమిదొందలు పారేసి వచ్చేవాడు. ఈపాటికి కౌంటర్ కింద ఉండేది. శని చక్రిని పట్టలేదు, నువ్వు పట్టావు.

ఇంటర్నెట్‌లో తీసేస్తే జనం మనసులోంచి పోదు. అది నేను చేయగలిగింది కాదు. చేయాల్సినదానివి నువ్వు. ఆ షాపుకి వెళ్ళి నీ నోటితో చెప్పు. భయమేస్తుంది అనకు. ఇంతదాకా తెచ్చింది నీ భయమే.

కోటేశ్వరరావు

•

అల్ఫారెట్టా
6 ఏప్రిల్ 2013

కోటయ్యా,

శని నేనేనన్నావు. దసరాకి నీ తుపాకీకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టినవాడివి, నా పంచాంగాన్ని ఎగతాళి చేస్తున్నావు. ఆ షాపునే అంటిపెట్టుకోమని రాసింది నువ్వు, స్టోర్ పేరు వేయించింది నువ్వు. నా తప్పు నేను మోస్తాను, నీ తప్పు నా మీద వెయ్యకు.

పోయిన శనివారం వెళ్ళాను. చక్రికి చెప్పలేదు. రేణు తీసుకెళ్ళింది. తలుపు నేనే తీశాను. డ్వేన్ మమ్మల్ని చూడగానే ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కొనటానికి రాలేదు, మా అత్తగారు ఒక మాట చెప్పాలంటున్నారు అని రేణు అంది. షాపులో ముగ్గురున్నారు. వాళ్ళ ముందే చెప్పించాను. ఆ రోజు పేరు మార్చమన్నది నేను, నా కొడుక్కీ కోడలికీ తప్పు లేదు, ఇంటర్నెట్‌లో రాయించింది మా తమ్ముడు, వాడికి నేను సగమే చెప్పాను, సగం దాచాను. ఆ రాత సంగతి చక్రికి తెలియనే తెలియదు. ఇంత వరకూ రేణు ఒక్కొక్క ముక్కే ఇంగ్లీష్‌లో చెప్పింది.

ఆయన ఫోన్ కింద పెట్టాడు. "ఎక్కువ రేటు చెప్పానా? చెప్పాను. రోజూ వచ్చేవాళ్ళకి ఒక రేటు, తెలియనివాళ్ళకి ఒక రేటు. నా షాపు, నా ఇష్టం. దానికి నన్ను ఎవరూ జైల్లో పెట్టరు. ఆ ఫారంకి పెడతారు" అన్నాడు.

నా కొడుకు తన పేరుతో తనే వచ్చి కొనుక్కుంటాడు, అమ్మండి అన్నాను.

"అమ్మను. చుట్టుపక్కల నాలుగు షాపులకీ ఈ పేర్లు నేనే చెప్పాను. వాళ్ళూ అమ్మరు."

రెండొందల ముప్పై అడగలేదు. ఆయనా ఇవ్వలేదు.

మరి నా కొడుకుని ఎవరు చూసుకుంటారని అడుగు అన్నాను రేణుతో. ఆ పిల్ల ఆ మాట చెప్పలేదు. "వీళ్ళని అడగద్దు అత్తయ్యా, పదండి" అంది. అక్కడున్న ముగ్గురిలో ఒకాయన చక్రి దగ్గర కాఫీ తాగేవాడట, రేణు గుర్తుపట్టింది. ఆయన గోడకున్న తుపాకుల వైపు తిరిగి నిలబడ్డాడు, మేం బయటికి వచ్చేదాకా ఇటు తిరగలేదు.

కార్‌లో రేణు, "ఇంటికా?" అని అడిగింది. స్టోర్‌కి పోనియ్యి అన్నాను.

చక్రి ఒక్కడే ఉన్నాడు. ఎక్కడికెళ్ళామో రేణు చెప్పింది. వాడు, "నువ్వు ఎవరిని అడిగి వెళ్ళావు?" అన్నాడు. నీ పేరు మార్చమన్నప్పుడు నిన్ను అడిగానా, ఇప్పుడు అడగటానికి అన్నాను. ఇంటికి వెళ్ళమన్నాడు. వెళ్ళలేదు.

వారం అయింది. రోజూ పొద్దున ఐదింటికి వాడితో కార్ ఎక్కుతున్నాను. ఇన్సులిన్ చిన్న ఐస్ డబ్బాలో పెట్టుకుంటున్నాను. మొదటి రోజు వెనక గదిలో కుర్చీ వేశాడు. నేను తెచ్చి తలుపుకీ కౌంటర్‌కీ మధ్య వేసుకున్నాను. మళ్ళీ వెనక్కి పెట్టాడు, మళ్ళీ తెచ్చుకున్నాను. మూడో రోజు విసుగెత్తి వదిలేశాడు. నాతో ఇంకా మాట్లాడడు. మధ్యాహ్నం అన్నం డబ్బా మాత్రం నా వైపు తోస్తాడు.

నిన్న ఒకడు తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ మూసి వెళ్ళిపోయాడు. కాఫీకి వచ్చినవాడో, వేరే పని మీద వచ్చినవాడో తెలీదు. ఎవరైనా సరే, చక్రి కంటే ముందు నేను కనబడాలి. లోపలికి రావాలంటే నన్ను దాటాలి. భయం పోయిందనుకోకు. గంట మోగినప్పుడల్లా నేనూ తల ఎత్తుతున్నాను. అయినా కూర్చుంటున్నాను.

ఇంటి అడ్రసుకి ఉత్తరం రాయకు, పగలంతా అక్కడ ఎవరూ ఉండరు. స్టోర్ అడ్రసు రేణు చేత కవరు వెనక రాయించాను. దానికే రాయి.

వసంతలక్ష్మి